పాత ఎస్‌యూవీ కొనే ముందు: బండి గతాన్ని తెలుసుకొనే పద్ధతులు

షోలాపూర్ నగరపు తూర్పు భాగంలోని సాఖర్‌పేఠ, భద్రావతిపేఠ, అశోక్ చౌక్, నీలంనగర్ పరిసరాలలో తెలుగు పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన ఈ కుటుంబాలకు స్వగ్రామాలతో సంబంధాలు నేటికీ తెగలేదు. పెళ్ళికైనా, దినవారాలకైనా పదిమంది కలిసి బయలుదేరవలసిందే. తుల్జాపూర్ భవానీ, పంఢరపురం విఠోబా, అక్కల్‌కోట స్వామి దర్శనాలు వీటికి అదనం. సరిహద్దు గ్రామాల కుటుంబాల అవసరమూ ఇటువంటిదే. అందుచేత చేతిలో నాలుగు రూపాయలు కూడగానే ఏడు సీట్ల పెద్ద బండి మీదికి మనసు పోవడం సహజం.

కొత్త ఫార్చ్యూనర్ ధర 30 లక్షలకు పైమాట. కొత్త స్కార్పియో కూడా మగ్గం మీద బతికే ఇంటికి తేలికగా అందేది కాదు. కనుక చూపు పాత బండి మీద పడుతుంది. బీడీల కూలిలో మిగిల్చినది, భిశీ ఎత్తినది, పత్‌సంస్థలో అప్పు చేసినది అంతా కలిపి ఒకే వస్తువు మీద పెడుతున్నప్పుడు ఆ వస్తువు ఆరు నెలలకే షెడ్డులో పడితే నష్టం ఇంటిల్లిపాదిదీ అవుతుంది.

పేఠలలో పాత సాంచా కొన్న అనుభవం చాలామందికి ఉంది. సాంచా కొనేవారు దాని రంగు చూడరు. జాబరును వెంట తీసుకువెళ్ళి, నడిపించి, చప్పుడు విని, ఇరుసుల వదులు చేత్తో పట్టి చూసి, ఇంతకు ముందు ఏ కార్ఖానాలో ఎన్ని షిఫ్టులు నడిచిందో ఆరా తీస్తారు. అదే మనిషి బండి దగ్గరికి వచ్చేసరికి తళతళలాడే పాలిష్‌కూ, అమ్మేవారి మాటకూ లొంగిపోవడం విచిత్రం. అమ్మేవారు దూరపు బంధువో కులబాంధవుడో అయితే మరీ కష్టం. ‘మనవాడే కదా’ అన్న మొహమాటం కాగితాలు అడగనివ్వదు, బానెట్ ఎత్తనివ్వదు.

ఎవరి చేతిలో తిరిగింది

బండి నమ్మకానికి కంపెనీ పేరు కొంతవరకే ఆధారం. ఇన్నోవా గట్టిదన్న మాట నిజమే. అయితే కిరాయికి రాత్రింబవళ్ళు తిరిగిన ఇన్నోవా కంటే ఒక ఉపాధ్యాయుని ఇంట్లో నెలకు రెండుసార్లు కదిలిన టాటా సఫారీ మేలు కావచ్చు. కనుక మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీ’ అన్నది కాక ‘ఏ పనికి వాడారు’ అన్నది కావాలి.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఇంటి బండి ఏడాదికి 10 నుంచి 15 వేల కిలోమీటర్లు తిరగడం సాధారణం. షోలాపూర్ నుంచి హైదరాబాదుకు దూరం సుమారు 300 కిలోమీటర్లు. వారానికి రెండుసార్లు వెళ్ళివచ్చే కిరాయి బండి ఏడాదికి 60 వేలు దాటుతుంది. అటువంటి బండి అయిదేళ్ళు నడిచిన తరువాత మీటరు మీద 80 వేలు చూపితే ఆ అంకెను ఎవరో దిద్దినట్టే. డిజిటల్ మీటరును వెనక్కి తిప్పడం నేడు కష్టమైన పని కాదు, అందుచేత అంకెను అంకెగా నమ్మకూడదు. క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బరు అరుగుదల, స్టీరింగ్ మీద చేయి పట్టే చోట నునుపు, గేరు రాడ్డు పిడి, డ్రైవరు సీటు అంచు కుంగిన తీరు మీటరు దాచినదాన్ని బయటపెడతాయి. 60 వేల బండికి పెడల్ రబ్బరు బోడిగా ఉండదు. మరీ కొత్తగా మెరుస్తున్నా ఎందుకు మార్చారని అడగవలసిందే.

ఇక్కడ ఒక స్థానిక విషయం. షోలాపూర్‌లో సీట్ల మీద చద్దర్ పరచడం అలవాటు. ఊరికి పేరు తెచ్చిన చద్దరే, కానీ బండి చూసేటప్పుడు దాన్ని పూర్తిగా తీయించి చూడాలి. చిరుగులు, కుంగిన స్పాంజి, తడి మరకలు దాని కిందనే ఉంటాయి.

కంపెనీ సర్వీసు సెంటరులో రిజిస్ట్రేషన్ నంబరు చెబితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల వద్ద ఏ పని జరిగిందో చరిత్ర దొరుకుతుంది. యజమాని స్వయంగా అడిగితే ఇస్తారు, కనుక ఆయనతోనే అడిగించాలి. ఒకచోట 1,40,000 అని నమోదై, ఆ తరువాత మీటరు 90,000 చూపితే వాదన అక్కడికి సమాప్తం. టాక్సీగా నమోదై తరువాత సొంత బండిగా మార్చినవాటి సంగతి ఆర్టీఓ కార్యాలయపు రికార్డులో తెలుస్తుంది. పసుపుపచ్చ నంబరు పలక తీసి తెల్లది బిగించినంత మాత్రాన బండి వయసు తగ్గదు.

చల్లని ఇంజను

బండిని ఉదయం వేళ, స్టార్టు చేయకముందే చూడాలి. ‘మీరు వస్తారని వేడి చేసి ఉంచాం’ అని చెబితే మరునాడు రావడం మంచిది. బానెట్ మీద అరచేయి పెట్టి చల్లగా ఉన్నదని రూఢి చేసుకొన్న తరువాతే తాళం తిప్పమనాలి. అరిగిన డీజిల్ ఇంజను చలిలో తన లోపాన్ని దాచుకోలేదు. వేడెక్కితే మాత్రం బాగానే దాచుకొంటుంది.

పొగ రంగు చాలా సంగతులు చెబుతుంది. మొదటి క్షణాలలో కొద్దిగా తెల్లని పొగ వచ్చి పోవడం దోషం కాదు. అది ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గిపోతూ ఉంటే హెడ్ గాస్కెట్ వైపు అనుమానించాలి. నీలిరంగు పొగ ఇంజను ఆయిలు కాలుతున్నదని అర్థం; పిస్టన్ రింగులో టర్బోయో అరిగి ఉంటుంది. రేజ్ ఇచ్చినప్పుడు దట్టమైన నల్లపొగ వస్తే ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాలు చూడవలసి ఉంటుంది. వీటిలో ఎయిర్ ఫిల్టర్ వందల రూపాయల పని. కామన్ రైల్ ఇంజనులో నాలుగు ఇంజెక్టర్లు మార్చడం మాత్రం బేరమంతా తలకిందులు చేసే ఖర్చు.

మెకానిక్‌లు ‘బ్యాక్ కంప్రెషన్’ అనేది మరొక పరీక్ష. ఇంజను నిదానంగా నడుస్తున్నప్పుడు ఆయిలు పోసే మూతను తిప్పి వదులుగా పెట్టాలి. కొద్దిగా ఆవిరి కనిపించడం మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ పొగ బుసకొడితే లోపల రింగులు, సిలిండర్లు అరిగినట్టు. మూత లోపలివైపు పాలమీగడ వంటి జిగురు ఉంటే ఆయిలులో నీరు కలుస్తున్నదేమోనని విచారించాలి. రేడియేటర్ మూతను మాత్రం వేడి మీద ఎన్నడూ తెరవరాదు. మరుగుతున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

2005 నుంచి 2016 వరకు వచ్చిన 2.5 లీటర్ల డీజిల్ ఇన్నోవాలోనూ, పాత 3.0 లీటర్ల ఫార్చ్యూనర్‌లోనూ టైమింగ్ బెల్టు ఉంటుంది. కంపెనీ చెప్పిన దూరానికి దాన్ని మార్చినట్టు బిల్లు చూడాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క కట్టి ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి. బెల్టు దారిలో తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనంతా విప్పవలసి రావచ్చు. 2016లో వచ్చిన క్రిస్టా డీజిల్ ఇంజనులో దీని స్థానంలో గొలుసు ఉంది.

2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. హైవే మీద కొంతసేపు ఆగకుండా నడిస్తేనే ఆ మసి కాలిపోయి ఫిల్టర్ శుభ్రపడుతుంది. పేఠ నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి పేఠకు మాత్రమే తిరిగిన బండిలో అది మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. ‘చాలా తక్కువ తిరిగిన బండి’ అన్న మాటను అందరూ ప్రశంసగా వింటారు. ఈ రకం బండికి అది ప్రశంస కాకపోవచ్చు. కొన్న తరువాత తమ ఇంటి వాడకం కూడా అటువంటిదే అయితే, నెలకు నాలుగు రోజులే కదిలే కుటుంబానికి అసలు డీజిల్ బండి అవసరమా అన్నదీ ఆలోచించుకోవాలి.

2013 తరువాతి బండ్లకు స్కానర్ తగిలించి కంప్యూటరులో దాగిన లోపాల జాబితా చూడవచ్చు. పరీక్షకు ముందే జాబితాను తుడిచివేసే చాతుర్యం కూడా బజారులో ఉంది కాబట్టి, పాతిక కిలోమీటర్లు నడిపిన తరువాత మరొకసారి స్కాన్ చేయించాలి. తాళం తిప్పగానే ఇంజను, ఎయిర్‌బ్యాగ్ గుర్తుల దీపాలు వెలిగి కొన్ని క్షణాలలో ఆరిపోవాలి. ఆరకపోవడం లోపం. అసలు వెలగకపోవడం మరీ అనుమానించదగినది, ఎవరో దీపాన్నే పీకి ఉండవచ్చు.

ఛాసిస్, నీట మునక

స్కార్పియో, బొలేరో, ఇన్నోవా, ఫార్చ్యూనర్, 2019 వరకు వచ్చిన పాత సఫారీ వంటివి నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద నిలిచిన బండ్లు. బాడీ ఎంత అందంగా ఉన్నా ఛాసిస్ వంగితే బండి జీవితాంతం ఒకవైపు లాగుతుంది, టైర్లను తినేస్తుంది. గుంట మీదికి ఎక్కించి టార్చి వెలుగులో రెండు పొడవు దూలాలనూ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడాలి. కొత్త వెల్డింగు, ఒక్కచోటనే పూసిన నల్లరంగు, సుత్తిదెబ్బల గుర్తులు పెద్ద ప్రమాదానికి సాక్ష్యాలు. ఎక్స్‌యూవీ 500, 2021లో వచ్చిన కొత్త సఫారీ వంటివాటికి విడిగా ఛాసిస్ ఉండదు. వీటిలో తలుపు రబ్బరు లాగి స్తంభాల అతుకులు, బానెట్ కింద షాక్ అబ్జార్బర్లు బిగించే గోపురాలు చూడాలి. అద్దాల మీద తయారీ సంవత్సరపు గుర్తు ఉంటుంది. అయిదింటిలో ఒకటి మాత్రమే వేరే ఏడాదిదైతే అది పగిలి మార్చినది. టైరు మీది నాలుగంకెలలో 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని చదవాలి.

వరదలో మునిగిన బండ్ల సంగతి ఈ ప్రాంతంవారికి మరింత ముఖ్యం. 2019 ఆగస్టులో సాంగ్లీ, కొల్హాపూర్. 2020 అక్టోబరులో హైదరాబాదు, భీమా నదీతీరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. 2025 సెప్టెంబరులో సీనా నది పొంగి షోలాపూర్ జిల్లాలోని పల్లెలు నీట మునిగాయి. ఇన్ని వరదల నడుమ ఉన్న బజారులో మునిగిన బండ్లు ఎండబెట్టి, కడిగి, సుగంధం చల్లి అమ్మకానికి రావని అనుకోవడం అమాయకత్వం.

నీటి జాడ పూర్తిగా పోదు. సీటుబెల్టులన్నిటినీ చివరి దాకా లాగితే చుట్టలో దాగిన భాగం మీద బురదచార కనిపిస్తుంది. సీటు కింది బోల్టులకు, పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద స్పాంజిలో ఇసుక, హెడ్‌లైట్ లోపల ఆవిరి, ఫ్యూజు పెట్టె మూలల్లో ఎండిన ఒండ్రు చూడాలి. అద్దాలు మూసి పది నిమిషాలు లోపల కూర్చుంటే ముక్కు కూడా చెబుతుంది. మునిగిన బండి వెంటనే చెడకపోవచ్చు. వైర్ల అతుకులు లోలోపల తుప్పుపట్టి ఏడాది తరువాత ఒక్కొక్క లోపమే మొదలవుతుంది. ఏ మెకానిక్‌కూ అంతు చిక్కని కరెంటు లోపాల బండి ఇదే. ఎంత చౌకకు ఇచ్చినా దీన్ని వదిలివేయడమే ఉచితం.

దారి మీద

పేఠ వీధులలో రెండు మలుపులు తిప్పి ‘బాగుంది’ అనడం పరీక్ష కాదు. షోలాపూర్‌లో చక్కని దారి తుల్జాపూర్ రోడ్డు: సుమారు 45 కిలోమీటర్లు, చివరలో ఘాట్. ఇంటిల్లిపాదిని ఎక్కించి, ఏసీ వేసి ఆ ఘాట్ ఎక్కించాలి. రేడియేటర్, క్లచ్, టర్బో మూడింటికీ ఒకేసారి పరీక్ష జరుగుతుంది. ఇంజను ఉష్ణోగ్రత ముల్లు మధ్యను దాటరాదు. వేగం పెంచినప్పుడు ఇంజను అరుపు పెరిగి బండి మాత్రం ముందుకు పోకపోతే క్లచ్ జారుతున్నది. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణకరాదు, బండి పక్కకు లాగరాదు. చదునైన ఖాళీ చోట చేతులు తేలికగా వదిలి నేరుగా పోతున్నదీ లేనిదీ గమనించవచ్చు. స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా ఎక్కించి కిందినుంచి ‘టక్ టక్’ వినిపిస్తే బుష్‌లు, బాల్ జాయింట్లు అరిగాయి. ఇవి భయపడవలసినవి కావు, బేరానికి పనికివచ్చేవి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరు కాబట్టి మూడో వరుసకు చల్లగాలి అందుతున్నదో లేదో అక్కడ ఒకరు కూర్చొనే చెప్పాలి. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండికి ఆ మీట పని చేస్తున్నదీ లేనిదీ మట్టినేల మీద చూడాలి, తారురోడ్డు మీద కాదు.

తిరిగి వచ్చిన తరువాత ఇంజను ఆపకుండా బండి కిందికి వంగి చూస్తే కారుతున్నవి ఏవో తెలుస్తాయి. ఆ వెంటనే నమ్మకమైన మెకానిక్ చేత చూపించాలి. ఆయన అమ్మేవారు సూచించిన మనిషి కాకూడదు.

కాగితాలు

ఇంజను చెడితే డబ్బు పోతుంది. కాగితాలు చెడితే కోర్టు గుమ్మం ఎక్కవలసి వస్తుంది. ఆర్సీలోని ఛాసిస్, ఇంజను నంబర్లను బండి మీద చెక్కిన అక్షరాలతో ఒక్కొక్కటిగా సరిపోల్చాలి. ఛాసిస్ సంఖ్య 17 అక్షరాలది. మహీంద్రాకు ‘ఎంఏ1’తో, టాటాకు ‘ఎంఏటి’తో, టయోటాకు ‘ఎంబీజే’తో మొదలవుతుంది. చెక్కిన చోట గీకినట్టున్నా, అక్షరాలు వంకరగా ఉన్నా మారుమాట లేకుండా తిరిగి రావాలి. పరివాహన్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ గడువు, బీమా, కట్టని చలానాలు చూసుకోవచ్చు.

ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు పత్రమూ, ఫారం 35 కావాలి. అమ్మకానికి ఫారం 29, 30. రాష్ట్రంలోనే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో ఆర్టీఓకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను చెబుతుంది. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి చేతులు దులుపుకొనే అలవాటు ఎంతటి చేటో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఆ బండి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది, ఆర్సీ మాత్రం మొదటి యజమాని పేరనే ఉండిపోయింది. ప్రమాదం జరిగిన తరువాత పరిహారపు బాధ్యత ఆర్సీలో పేరున్న ఆయనదేనని కోర్టు చెప్పింది. పాత బండి అమ్ముకొని కొత్తది తీసుకొనే కుటుంబం ఈ తీర్పును తన తరఫున కూడా గుర్తుంచుకోవాలి.

కొన్నవారికి మరొక చిక్కు బీమా. ఇతరులకు జరిగిన నష్టానికి వర్తించే బీమా బండితో పాటు బదిలీ అయినట్టే చట్టం భావిస్తుంది. సొంత బండికి జరిగే నష్టానికి, దొంగతనానికి అది వర్తించదు. 14 రోజులలో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీని తమ పేర మార్పించుకోవాలి. పాత పాలసీ కాగితం మరొక మేలు కూడా చేస్తుంది. అందులో ‘నో క్లెయిమ్ బోనస్’ 50 శాతం ఉంటే వరుసగా అయిదేళ్ళు క్లెయిమ్ లేదని అర్థం. ఎనిమిదేళ్ళ బండికి బోనస్ సున్నా ఉంటే గత ఏడాది ఏం జరిగిందని అడగాలి. ఆ బోనస్ బండిది కాదు, యజమానిది; కొన్నవారికి రాదు.

సరిహద్దు దాటించే బండికి శ్రమ ఎక్కువ. షోలాపూర్ ఎం.హెచ్.13 బండిని జహీరాబాదుకో బీదర్‌కో తీసుకువెళ్ళి స్థిరంగా ఉంచుకోవాలంటే ఇక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. అక్కడ జీవితకాల పన్ను కట్టి కొత్త నంబరు పొందాలి. 12 నెలలు మించి మరొక రాష్ట్రంలో ఉంచిన బండికి కొత్త నంబరు చట్టరీత్యా తప్పనిసరి. మహారాష్ట్రలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరుతూ దరఖాస్తు పెట్టవచ్చు. ఈ పన్ను సంగతి తెలుసుకోకుండా ‘షోలాపూర్‌లో లక్ష తక్కువ’ అని సంబరపడితే ఆ లక్ష చెక్‌పోస్టు దాటేసరికి కరిగిపోతుంది.

ఢిల్లీ నంబరు బండ్ల చౌకకు కూడా కారణం ఉంది. 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు రాజధాని ప్రాంతంలో 10 ఏళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదన్నాయి. 2025లో ఆ ఆంక్ష కొంత సడలింది. బండి మంచిదైనా కావచ్చు, నిరభ్యంతర పత్రం చేతికి రానిదే బయానా ఇవ్వకూడదు.

దళారుల విషయంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలున్నాయి. ఆర్టీఓ అనుమతి పొందిన వ్యాపారికి బండి అప్పగించినట్టు ఫారం 29-సి ద్వారా తెలిపితే, అది అమ్ముడుపోయేవరకు వ్యాపారినే యజమానిగా పరిగణిస్తారు. అనుమతి పత్రం చూపమని అడగడం కొనేవారి హక్కు.

ధర

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బండ్ల మీద జీఎస్టీ 40 శాతానికి మారి, కొత్తవాటి ధరలు తగ్గాయి. పాత బండికి ధర చెప్పేవారు చాలామంది నేటికీ అంతకు మునుపటి కొత్త ధర నుంచే లెక్క మొదలుపెడతారు. దాన్ని సవరించుకోవాలి. 15 ఏళ్ళు నిండవస్తున్న బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. పర్యావరణ పన్ను, ఫిట్‌నెస్ మరమ్మతులు వేరు.

తయారీదారు దేశం విడిచిన బండ్లు చౌకగా దొరుకుతాయి. షెవర్లే 2017 చివర అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ తయారీకి స్వస్తి చెబుతున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఎండీవర్ మంచి బండే, కానీ దాని విడిభాగం కోసం పుణెకో హైదరాబాదుకో ఫోను చేసి వారాలు ఎదురుచూసే ఓపిక ఉండాలి. బొలేరో, స్కార్పియోలకు పల్లెటూరి మెకానిక్ కూడా పని చేస్తాడు, విడిభాగాలు ఉమర్గాలోనైనా దొరుకుతాయి. సరిహద్దు పల్లెలో ఉండేవారికి ఈ తేడా ముఖ్యం. బొలేరో పొడవు 4 మీటర్ల లోపు, ఫార్చ్యూనర్ దాదాపు 4.8 మీటర్లు. పేఠ సందులో నిలిపే చోటు టేపుతో కొలుచుకోవడం కూడా కొనుగోలులో భాగమే.

జపానులో వేలంపాట సంస్థలు ప్రతి పాత బండినీ పరీక్షించి మార్కుల పత్రం ఇస్తాయి. బ్రిటన్‌లో ఏ బండి నంబరుకైనా ఏటేటా జరిగిన పరీక్షల ఫలితాలు, తిరిగిన మైళ్ళతో సహా, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇక్కడ అటువంటి బహిరంగ రికార్డు లేదు కాబట్టి ఈ శ్రమంతా కొనేవారే పడాలి. మెకానిక్ కూలి, స్కానర్ ఖర్చు, తుల్జాపూర్ దాకా డీజిల్ కలిపినా ఒక టైరు ధరకు మించదు.

బేరం కుదిరిన తరువాత ఉన్న డబ్బంతా అమ్మేవారి చేతిలో పోయకుండా ధరలో పదో వంతు విడిగా పక్కన పెట్టాలి. పాత పెద్ద బండికి మొదటి ఏడాది టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, సస్పెన్షన్‌లలో రెండైనా ఖర్చు అడుగుతాయి. బయానా మొత్తం, మిగిలిన సొమ్ము ఇచ్చే తేదీ, పేరు మార్పించే బాధ్యత ఎవరిది, అప్పగించే రోజు, గంట వరకు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. గంట ఎందుకంటే, ఆ నిమిషానికి ముందు పడిన చలానా అమ్మినవారిది, తరువాత పడినది కొన్నవారిది.